పధ్నాలుగో రాయి దగ్గర బుంగ

భాద్రపద బహుళ పంచమి. పోటు ఎనిమిదిన్నర అడుగులు. తూర్పు గాలి.

ఈ పుస్తకంలో నీటి మట్టం, గాలి, కట్ట పరిస్థితి తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ మాట తప్పలేదు. పోయిన ఏడాది నుంచి ఈ పుస్తకాన్ని ఆఫీసులో ఎవరూ తీసుకోవడం లేదు. కట్ట కాపలా కాసే లస్కరు ఏం చెప్పినా ఫోను ముందు నిలబడి, మొహం కనబడేలా చెప్పాలట. అయితే ఇక ఇది నా సొంత పుస్తకం. నా ఇష్టమొచ్చింది రాస్తాను.

నా పేరు మోకా నాంచారమ్మ. కొంగలదిబ్బ సముద్రపు కట్ట మీద తొమ్మిదో రాయి నుంచి పద్దెనిమిదో రాయి వరకు కాపలా నాది. పొద్దున్నే నీటి మట్టం గేజికి పట్టిన గుల్ల గోకి అంకె చూస్తాను. రాయి రాయికీ నడుస్తాను. పీతలు తవ్విన కన్నాల్లో మట్టి కూరి తొక్కుతాను. తూము తలుపులకు గ్రీజు పెడతాను. పాటు బాగా తీసిన రోజున పాత ఊరి మంచినీళ్ళ ట్యాంకు నెత్తి బయటపడుతుంది. కొత్త ఊరు కట్టకి ఇవతల, సముద్రం కంటే పల్లంలో ఉంది.

ఇవాళ పధ్నాలుగో రాయి దగ్గర, లంకమ్మ పిన్ని చేపలు ఆరబెట్టుకునే దొడ్డి వెనకాల, కాలికి నేల మెత్తగా తగిలింది. వంగి చూస్తే కంచమంత మేర ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతోంది. బుంగ పడింది. సముద్రం కట్ట కింద నుంచి దారి వెతుక్కుంటోంది. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. తేటగా వచ్చినంతకాలం గడువు ఉన్నట్టు. మట్టి పట్టుకొస్తే కట్ట కడుపులో మన్ను కరిగిపోతున్నట్టు.

లంకమ్మ పిన్ని మొగుడు సోమయ్య బాబాయి తుంటి విరిగి రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. కిటికీ పక్కనే మంచం. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఒకటే అడుగుతాడు.

“ఎంతమ్మా ఇయ్యాల పోటు?”

“ఎనిమిదిన్నర, బాబాయ్.”

“అయితే పడుకోవచ్చు,” అని కళ్ళు మూసుకున్నాడు.

బుంగ సంగతి ఫోనులో పనుల వరసకి ఎక్కించాను. నా కోరిక మూడు వేల ఎనిమిది వందల పన్నెండోది అని జవాబొచ్చింది. వరస కోరినవాళ్ళ పలుకుబడిని బట్టి, అంటే వాళ్ళని ఫోనులో ఎంతమంది చూస్తారన్నదాన్ని బట్టి. మొదటి పని కట్ట ముఖద్వారానికి రంగులు. కోరింది ఎవరో వంటలామె. ఆమెను తొమ్మిది లక్షల మంది చూస్తారు. నన్ను ముప్ఫై ఏడుమంది చూస్తారు. వాళ్ళలో పదకొండుమంది చనిపోయారు.

భాద్రపద బహుళ సప్తమి. పోటు ఏడడుగులు.

ఆఫీసుకి వెళ్ళాను. ఇంజనీరు పోస్టే తీసేశారు. ఆయన గదిలో ఇప్పుడు గుండ్రంటి దీపం, దాని ముందు కుర్చీ. అందులో కూర్చోమంది వాగ్దేవి అనే ఆమె. నలభై ఏళ్ళుంటాయి. మెత్తగా, ఓపిగ్గా మాట్లాడుతుంది. ఆమె ఉద్యోగం మాలాంటి వాళ్ళకి బ్రాండు నేర్పడం.

“ముందు మీ కథ చెప్పండి నాంచారమ్మగారూ,” అంది.

“కథ కాదమ్మా. బుంగ. పధ్నాలుగో రాయి దగ్గర. మూడు వందల బస్తాలు, పదిమంది మనుషులు కావాలి. అమావాస్యకి పెద్ద పోటు. ఏడాది మొత్తానికి అదే పెద్దది.”

“బుంగ గురించి తర్వాత. మీ గురించి చెప్పండి. నలుగురూ మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?”

“ఇరవై తొమ్మిదేళ్ళుగా నా వంతు కట్ట తెగలేదు. అందుకు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “తెగనిది ఎవరికీ కనబడదు కదండీ. మీరు ఎంత పనిమంతులైనా మీ పని గురించి మీరు చెప్పుకోకపోతే మీరు లేనట్టే. నేను మిమ్మల్ని కించపరచడం లేదు. లోకం ఎలా ఉందో చెప్తున్నాను.”

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆమె అన్నది అబద్ధం కాదు. ఎనిమిదేళ్ళ కిందట నేను ఒక్కదాన్నే పదో రాయి దగ్గర బుంగ అణిచాను. పక్కింటివాళ్ళకి కూడా తెలియదు. తెలియకపోవడమే నా పనితనం అనుకునేదాన్ని.

నాకు ఆదర్శంగా ఉండాలని గోడ మీద తెరలో ఒక మనిషి బొమ్మ వేసి చూపించింది. వీరాస్వామి. ఒకప్పుడు నా పక్కన బస్తాలు మోసినవాడే. ఇద్దరం ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. ఇప్పుడు ఆయన పేరు కట్టవీరుడు. తడిసిన చొక్కా, గాలికి ఎగిరే జుట్టు. అరవై లక్షల మంది చూస్తారు. “ఈ బ్రాండు తయారుచేసింది నేనే. ఇప్పటికీ ఆయన ప్రకటనలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి,” అంది వాగ్దేవి. గొప్పగా కాదు, మామూలుగానే చెప్పింది.

వాడు కట్ట మీద అడుగుపెట్టి ఆరేళ్ళయింది.

భాద్రపద బహుళ నవమి. పోటు ఆరడుగులు.

ఈ నాలుగు రోజులే పోటు తక్కువ. పని చేసుకోవడానికి వీలు. బుంగను మూయకూడదు. మూస్తే పక్కన లేస్తుంది. చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటిని నిలవనివ్వాలి. ఆ నీటి బరువే కింది ఊటను అణుస్తుంది. సర్కారు బస్తాలు గిడ్డంగిలో తాళం వేసి ఉన్నాయి. వరసలో నా వంతు వస్తే గానీ తియ్యరు. బియ్యం గోతాలు, సిమెంటు సంచులు ఏరుకొచ్చి ఇసుక నింపి ఒక్కదాన్నే పేరుస్తున్నాను. రెండు రోజుల్లో ముప్ఫై ఎనిమిది బస్తాలు. నడుం నా మాట వినడం లేదు.

వాగ్దేవి చెప్పినట్టే కర్రకి ఫోను బిగించి ఎదురుగా నిలబెట్టాను. బస్తాలు మోస్తూ మాట్లాడాను. “ఇది బుంగ. ఇది పెద్దదైతే కట్ట తెగుద్ది. మూడొందల ఇళ్ళు పోతాయి,” అని చెప్పాను. అరవై ఒక్కమంది చూశారు. ఒకాయన నా పన్ను వంకరగా ఉందన్నాడు. ఒకామె ఆ సంచులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.

వాగ్దేవికి ఫోన్ చేశాను. “మీరు కోపంగా మాట్లాడుతున్నారు. కోపం ఉన్న ఆడమనిషిని జనం ఆగి చూడరు. కొంచెం కళ్ళనీళ్ళు పెట్టుకోగలరా?” అంది.

పెట్టుకోలేనన్నాను. నాకు ఏడుపు రావడం లేదు. ఫోను తీసుకెళ్ళి సముద్రంలో విసరాలని ఉంది. విసరలేదు. అది లేకపోతే వరసలో ఆ మూడు వేల ఎనిమిది వందల పన్నెండో చోటు కూడా ఉండదు.

భాద్రపద బహుళ ఏకాదశి. పోటు ఏడున్నర.

పొద్దున చూస్తే మొదటి బుంగకి ఆరడుగుల దూరంలో రెండోది లేచింది. దోసిలి పట్టాను. నీళ్ళు లేతగా టీ రంగులో ఉన్నాయి.

వీరాస్వామి ఇంటికి వెళ్ళాను. ఇంటి వెనకాల వాడికి సొంత కట్ట ఉంది. నలభై అడుగుల పొడవు, ఇటుకలతో కట్టి పైన మట్టి పూశారు. అవతల తొట్టిలో మోటారు పెట్టి అలలు లేపుతున్నారు. వాడు దాని మీద చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దిగి వచ్చి, “అక్కా, భోంచేశావా?” అన్నాడు. ఆ అడగడం మాత్రం మారలేదు.

“పధ్నాలుగో రాయి దగ్గర రెండు బుంగలు.”

“నీళ్ళు తేటగానా, మట్టితోనా?”

“రెండోది మట్టితో.”

వాడి మొహంలో రంగు పోయింది. వాడికి తెలుసు. అరవై లక్షల మందిలో ఆ మాట అర్థమైనవాడు వాడొక్కడే.

“నువ్వు చెప్తే గంటలో బస్తాలొస్తాయి. నేను చెప్తే రావు. అందుకొచ్చాను,” అన్నాను.

వాడు కాసేపు తల గోక్కున్నాడు. “ఇంకొకరు కనిపెట్టింది నేను చెప్పకూడదక్కా. నా బ్రాండుకి డబ్బు పెట్టినోళ్ళు ఒప్పుకోరు. కట్టవీరుడు ముందే చూశాడు అంటేనే చెప్పనిస్తారు. నువ్వు కాయితం మీద రాసివ్వాలి.”

“ఏమని?”

“మొదట చూసింది నేనని.”

రాసిచ్చాను. వేలిముద్ర కూడా వేశాను. బుంగ ఎవడి పేరు మీద ఉంటే నాకేం, బస్తాలొస్తే చాలనుకున్నాను. బయటికొస్తుంటే వాడు వెనకాలే గుమ్మం దాకా వచ్చాడు.

“నన్ను తిట్టుకుంటన్నావని తెలుసక్కా. కానీ నాకు పేరు లేకపోతే ఆరేళ్ళ కిందటే ఈ కట్టకి సిమెంటు ఆపేసేవోళ్ళు. నువ్వు మట్టి మోశావు. నేను జనం దృష్టి మోశాను. రెండూ బరువే.”

అక్కడి నుంచి వచ్చేశాను. దారంతా జవాబు వెతుక్కున్నాను. దొరకలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

భాద్రపద బహుళ త్రయోదశి. పోటు పదడుగులు. గాలి పెరిగింది.

వాడు చెప్పిన గంటలో పధ్నాలుగో రాయి వరసలో ఒకటో పని అయింది. మధ్యాహ్నానికి లారీలొచ్చాయి. మొదటి లారీలో దీపాలు. రెండో లారీలో వేదిక చెక్కలు. మూడో దాంట్లో పూలు, వాటి కింద కొన్ని బస్తాలు. జనం రెండు వేలు పైనే. నేను పేర్చిన బస్తాలు అడ్డంగా ఉన్నాయని నలుగురు పక్కకి లాగేశారు. లంకమ్మ పిన్ని ఆరబెట్టిన చేపలు తొక్కి నాశనం చేశారు.

కట్టవీరుడు ఛాతీకెత్తుకున్న కాంక్రీటు దిమ్మను బుంగలో దించుతాడట. అదీ దృశ్యం. అడ్డుపడి వాడి చెయ్యి పట్టుకున్నాను.

“మూస్తే పక్కన లేస్తుందని గురువుగారు నీకూ నాకూ ఒకే రోజు చెప్పారు.”

“తెలుసక్కా,” అన్నాడు గొంతు తగ్గించి. “చుట్టూ బస్తాలేసి నీళ్ళు నిలబెడితే చూసేవోళ్ళకి ఏం కనబడుద్ది? నీళ్ళ గుంట కనబడుద్ది. ఇది కానీ. రేపు ఎవరూ లేకుండా మన పద్ధతిలో బస్తాలు పేరుద్దాం. మాటిస్తన్నా.”

దిమ్మ దించాడు. బుంగ మూసుకుంది. జనం చప్పట్లు కొట్టారు. రెండో దాని మీద పూల దండ వేసి మట్టి కప్పారు. సాయంత్రం నా ఫోనుకి కబురొచ్చింది. పధ్నాలుగో రాయి పని పూర్తయింది, వరస నుంచి తీసేశాం అని. మిగిలిన బస్తాలు లారీ ఎక్కించుకుని పోయారు.

సోమయ్య బాబాయి కిటికీ లోంచి, “ఏంటమ్మా అంత గోల?” అన్నాడు.

“బుంగ మూశారు, బాబాయ్.”

“మూశారా?” అన్నాడు. ఆయన కూడా కట్ట పక్కనే పుట్టి పెరిగినవాడు. చాలాసేపు నా మొహం వంకే చూశాడు.

భాద్రపద బహుళ చతుర్దశి. పోటు పదకొండు.

నాలుగు చోట్ల లేచింది. దిమ్మకి అటూ ఇటూ రెండు, దొడ్డి మధ్యలో ఒకటి, వీధి మలుపులో ఒకటి. నీళ్ళు చిక్కటి బురద. మాటిచ్చిన వీరాస్వామి రాలేదు. ఫోను ఎత్తలేదు. కొత్తగా ఫిర్యాదు ఎక్కించబోతే, కట్టవీరుడు పూర్తిచేసిన పని మీద అపనమ్మకం కలిగిస్తున్నందుకు నా పలుకుబడిని సున్నా చేస్తున్నట్టు నోటీసొచ్చింది.

ఆఫీసుకి వెళ్ళి వాగ్దేవి చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపాను. తెచ్చి దొడ్లో నిలబెట్టి ఆమె చెయ్యి బురదలో ముంచాను. వేళ్ళ సందుల్లోంచి మన్ను జారుతుంటే చూసింది.

“ఇది కట్ట,” అన్నాను. “నీ చేతిలోంచి పోతోంది చూడు. రేపు తొమ్మిదింటికి పన్నెండు అడుగుల పోటు. బస్తాలకి టైము లేదు. జనాన్ని ఇళ్ళలోంచి లేపాలి. ఎలా?”

చాలాసేపు చెయ్యి కడుక్కుంటూనే ఉంది. “భయపెడితే జనం ఫోను మీద వేలితో పక్కకి నెట్టి ముందుకుపోతారండీ. ఇస్తామంటే ఆగుతారు,” అంది.

అక్కడే కూర్చుని కట్టవీరుడి పేరు మీద ప్రకటన రాసింది. రేపు పొద్దున ఎనిమిదింటికి తుఫాను షెల్టరు మేడ మీద కట్టవీరుడు స్వయంగా ఇంటికో సౌర పొయ్యి ఇస్తారు, ఇంటిల్లిపాదీ రావాలి, తొమ్మిది దాటితే లేదు.

“ఇది పంపితే నా ఉద్యోగం పోతుంది,” అంది.

“పంపు,” అన్నాను.

పంపింది. నేను నిజం చెప్తే అరవై ఒక్కమంది. ఆమె అబద్ధం చెప్తే, నేను వీధి చివరికి నడిచేలోపు ప్రతి గుమ్మంలోనూ పొయ్యి మాటే. నాకు నవ్వు రాలేదు. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను.

మహాలయ అమావాస్య. పోటు పన్నెండుంపావు. ఇక గేజి లేదు.

సాయంత్రమైంది. రాస్తాను.

ఏడున్నరకల్లా జనం సంచులు పట్టుకుని షెల్టరు వైపు పోవడం మొదలైంది. ఎనిమిదింటికి వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. నేను పధ్నాలుగో రాయి దగ్గర, వాళ్ళు పక్కకి లాగేసిన నా బస్తాలే మళ్ళీ వేస్తున్నాను. ఆపుతాయని కాదు. అరగంట ఆలస్యం చేసినా మంచిదేనని. లంకమ్మ పిన్ని ఇంటి వైపు చూశాను. తలుపుకి తాళం వేసి ఉంది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. బాబాయిని చేపల బండి మీద కూర్చోబెట్టుకుని వెళ్ళిందనుకున్నాను. ఆస్పత్రికి అలాగే తీసుకెళ్తుంది. తాళం చూసి సంతోషించాను.

ఎనిమిదింపావుకి వీరాస్వామి వచ్చాడు. కారు దిగుతూనే అరిచాడు.

“నా పేరు మీద పొయ్యిలేంటి? ఎవరు చెయ్యమన్నారు? నా పరువు...”

నేను చెయ్యి చాపి చూపించాను. మాట మధ్యలో ఆగిపోయాడు. దొడ్డంతా ఉడుకుతోంది. కాంక్రీటు దిమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంది.

 వాడు చెప్పులు వదిలేసి, చొక్కా విప్పి పడేసి, బస్తా భుజానికెత్తుకున్నాడు. అరగంట పైనే ఇద్దరం మోశాం. వాడు పని మరిచిపోలేదు. అది చూస్తే వాడి మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఈ ఆరేళ్ళూ ఈ చేతులు ఇక్కడ ఉండాల్సింది.

తొమ్మిదికి అయిదు నిమిషాలకి కట్ట నెత్తి మీద పగులు వేలెడు వెడల్పున తెరుచుకుంది. “అక్కా, పరిగెత్తు,” అని నా రెక్క పట్టుకుని లాగాడు. పదమూడో రాయి దాటామో లేదో వెనకాల చప్పుడు. తిరిగి చూస్తే కట్ట లేదు. ఉండాల్సిన చోట నీళ్ళు నిలువుగా నిలబడి ఉన్నాయి. తర్వాత వీధిలోకి వెళ్ళాయి. రేకుల ఇళ్ళు ముందు పోయాయి. పెంకుటిళ్ళు కొంచెంసేపు ఉండి పోయాయి.

షెల్టరు మెట్ల దగ్గరికి చేరేసరికి పైనుంచి ఒకే గొంతు వినబడుతోంది. లంకమ్మ పిన్ని.

“మా ఆయన లోపలున్నాడు. తాళం నా దగ్గరుంది. తాళం నా దగ్గరుంది.”

అదే మాట. చేతిలో తాళంచెవి ఎత్తి పట్టుకుని అందరికీ చూపిస్తోంది.

ఆశ్వయుజ శుద్ధ తదియ.

పదకొండు వందల నలభైమంది బతికారు. ఒక్కరు పోయారు. సోమయ్య బాబాయి నిన్న తూముకి అడ్డంపడి దొరికాడు.

షెల్టరు మేడ మీద నుంచి ఎవరో తీసిన బొమ్మలు ఊరూరా తిరుగుతున్నాయి. కట్టవీరుడు చొక్కా లేకుండా బస్తా మోస్తున్నాడు. పక్కన నేను ఉన్నచోటు కత్తిరించారు. ప్రమాదం ముందే పసిగట్టి, భయపడకుండా ఉండాలని పొయ్యిల నెపంతో జనాన్ని మేడ ఎక్కించిన మహానుభావుడట. అరవై లక్షలు కోటిన్నర అయ్యాయి. చనిపోయినవాళ్ళ వివరం అన్నచోట ‘ఆహ్వానానికి స్పందించనివారు: ఒకరు’ అని రాశారు. నా వంతు కట్టలో బుంగను నేను కాక ఇంకొకరు కనిపెట్టారు కాబట్టి, నా నిర్లక్ష్యం నా వేలిముద్రతో సహా రుజువైంది. నన్ను తీసేశారు. వాగ్దేవిని అంతకు ముందే తీసేశారు.

వీరాస్వామి వచ్చి, “అక్కా, నేను అడగలేదు, వాళ్ళే వేశారు. ఆ కాయితం వెనక్కి తీసుకుందామన్నా ఒప్పుకోవడం లేదు,” అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడిని వెళ్ళిపొమ్మన్నాను.

ఆ తర్వాత లంకమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళాను. షెల్టరు వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు.

“నాంచారీ, నీకు ముందే తెలుసా?”

“తెలుసు పిన్నీ. పంచమి నాటి నుంచి తెలుసు. ఫోన్లో ఎంతో చెప్పాను. ఎవరూ...”

“ఫోన్లో కాదు. ఆ బుంగకాడి నుంచి నా గుమ్మం ఎంత దూరం?”

ఇరవై అడుగులు.

“నువ్వు బస్తాలు మోస్తా ఎదురుగా ఫోను నిలబెట్టుకుంటే ఏదో షూటింగ్ అనుకున్నా. ఈ ఊళ్ళో ఎవరేం చేసినా షూటింగే గదా. అయినా ఆ రోజు వచ్చి అడిగాను, ఏంటి నాంచారీ ఇది అని. ఏం చెప్పావో గుర్తుందా?”

గుర్తుంది. నవమి నాటి పేజీలో అది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నడుం నొప్పితో, చూసినవాళ్ళు అరవై ఒక్కమందేనన్న మంటతో ఉన్నాను. “అంతా ఫోన్లో పెట్టాను, చూసుకో పిన్నీ,” అన్నాను. ఆమె దగ్గర ఫోను లేదని నాకు తెలుసు. ఇంటి పన్ను కట్టలేక దాన్ని అమ్మేసుకున్న సంగతి కూడా తెలుసు.

“పొయ్యికని పిలిచారు కాబట్టి గంటలో వస్తాననుకున్నా. ఆయన మందేసుకుని నిద్దరపోతన్నాడు, లేపడం ఎందుకులే అనుకున్నా. కొత్త మొహాలు తిరుగుతున్నాయని తాళం వేశా. కట్ట తెగుద్దని నువ్వొక్క ముక్క చెప్పుంటే భుజానేసుకుని పోనా? నీ మాట నేను కాదంటానా? ముప్ఫై ఏళ్ళ నుంచి నువ్వు పడుకోమంటే పడుకున్నాం.”

 చతుర్దశి నాడు నాకు మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా టైముంది. మూడు వందల గుమ్మాలు తట్టడానికి అది చాలు. ఆ ఆలోచనే రాలేదు. వరస మీద కోపం, వాగ్దేవి మీద కోపం, వీరాస్వామి మీద కోపం. జనానికి ఎలా చేరాలా అని జుట్టు పీక్కున్నాను, ఆ జనం కిటికీ లోంచి రోజూ నాతో మాట్లాడుతుంటే.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి. పోటు ఏడున్నర, తూము గోడ మీద గీత గీసి చూశాను.

ఉద్యోగం లేదు కాబట్టి కట్ట మీద నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదిహేడో రాయి దగ్గర నేల మెత్తబడింది. గండి పడినప్పుడు అటు కట్ట కూడా కదిలినట్టుంది. కంచమంత బుంగ. నీళ్ళు తేటగా ఉన్నాయి.

ఫోను తెరిచాను. నిద్రపోయిన లస్కరు అని నన్ను తిట్టడానికి నాలుగు లక్షల మంది చేరి ఉన్నారు. నా మొహం మీద చెప్పులదండ బొమ్మలు. వాళ్ళు చూసినా, తిట్టినా పలుకుబడే. సున్నా చేసిన పలుకుబడి తిట్లతో మళ్ళీ పెరిగింది. పదిహేడో రాయికి బస్తాలు కావాలని ఎక్కించాను. వరసలో ఆరో పని అని జవాబొచ్చింది. మధ్యాహ్నం నాలుగు వందల బస్తాలు దింపి వెళ్ళారు.

ఆ బస్తాల కుప్ప ముందు నిలబడితే నా నోట్లోంచి వచ్చిన బూతులు ఈ పుస్తకంలో కూడా రాయలేను. ముప్ఫై ఏళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంటే రాని బస్తాలు, ఒక మంచి మనిషి చచ్చిపోయి, ఆ పాపం నా నెత్తిన రుద్దితే వచ్చాయి. వాడుకుంటాను. ఎందుకు వాడుకోను. తిట్టేవాళ్ళని తిట్టనీ, ప్రతి తిట్టుకీ ఒక బస్తా రానీ.

వాగ్దేవి వచ్చింది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని బస్తాలు నింపడానికి కూర్చుంది. ఫోను తీసుకురాలేదు. నేను పని ఆమెకు అప్పజెప్పి, గండి నీళ్ళు చేరని పదిహేడో రాయి కింది కాలనీలోకి దిగాను. మొదటి ఇంటి తలుపు కొట్టాను. ఒక పడుచు పిల్ల తీసింది. నన్ను చూసి మొహం ముడుచుకుంది. ఎక్కడ చూసిందో తెలుస్తూనే ఉంది.

“మీరు ఆ లస్కరు గదా. ఇప్పుడేంటి, ఏ ఛానల్లో పెడతన్నారు?”

“ఎక్కడా పెట్టడం లేదమ్మా. నీకు చెప్పడానికి వచ్చాను. మీ పెరటి వెనకాల బుంగ పడింది. ఇవాళ్టికి భయం లేదు. పౌర్ణమికి ఉంది. మీ ఇంట్లో మంచం దిగలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

ఆ పిల్ల నా చేతుల వైపు చూసింది. ఖాళీగా ఉన్నాయి. తర్వాత గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

“మా అత్త ఉంది,” అంది. “లోపలికి రండి.”

సాయంత్రం దాకా యాభై మూడు ఇళ్ళు. ఇద్దరు నా మొహం మీదే తలుపు వేశారు. రేపు మళ్ళీ వెళ్తాను. కదల్లేనివాళ్ళు ఎనిమిదిమంది. బళ్ళ రామాయమ్మ, ఎనభై ఒకటి. నడకుదుటి సుబ్బారావు, కాళ్ళు లేవు. విశ్వనాథపల్లి చిట్టెమ్మ, కళ్ళు కనబడవు, చెవులు వినబడవు, కోడలు లేనిదే కదలదు. మిగతా అయిదుగురి పేర్లు, ఎవరు మొయ్యాలో వాళ్ళ పేర్లు వెనక పేజీలో ఉన్నాయి.

ఇంకా రెండు వందల పద్దెనిమిది గుమ్మాలు ఉన్నాయి. పౌర్ణమికి తొమ్మిది రోజులు.